రెండేళ్ల బీఈడీ: కట్టిన డబ్బు, అందుకున్న మొదటి జీతం

"బీఈడీ చేసిపెట్టుకుంటే ఎప్పటికైనా పనికొస్తుంది." 2021లో నేను బీఎస్సీ గణితం పూర్తి చేసినప్పుడు మా ఇంట్లో ఈ ఒక్క వాక్యంతోనే నిర్ణయం జరిగిపోయింది. ఆ ఏడాది ఆగస్టులో తెలంగాణలో బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి, కన్వీనర్ కోటాలో మా జిల్లాలోనే ఒక ప్రైవేటు కళాశాలలో సీటు తెచ్చుకుని, 2023 చివరికి కోర్సు ముగించాను. ఆ తర్వాత ఒక ప్రైవేటు బడిలో పని చేసి, మధ్యలో మానేసి కోచింగ్‌కు వెళ్లి, 2024లో ప్రభుత్వ టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీ రాసి, ఎంపిక కాలేక, మళ్లీ మరో ప్రైవేటు బడిలో చేరాను. ఆ "ఎప్పటికైనా" అన్న మాటకు నాకు ఎంత ఖరీదు పడిందో, అందుకు బదులుగా ఏం దొరికిందో, ఈ ఏడాది ఎడ్‌సెట్ దరఖాస్తు పెట్టాలనుకుంటున్న వారికి ఉపయోగపడేలా ఇక్కడ రాస్తున్నాను. కళాశాల పేరు గాని, బడుల పేర్లు గాని రాయడం లేదు. నేను చూసినంతలో మా కళాశాల మిగతా వాటికంటే మెరుగైనదీ కాదు, మరీ అధ్వాన్నమైనదీ కాదు. కనుక పేరు తెలిసినా తెలియకపోయినా లెక్కలో పెద్ద తేడా ఉండదు.

ముందుగా డబ్బు సంగతి. మా కళాశాలలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 20,000, అంటే రెండేళ్లకు 40,000 రూపాయలు. ఎడ్‌సెట్ దరఖాస్తుకు, కౌన్సెలింగ్‌కు కలిపి సుమారు 1,500 అయింది. నాలుగు సెమిస్టర్ల పరీక్ష ఫీజులకు, మధ్యమధ్యలో ఏదో ఒక పేరుతో అడిగిన చిల్లర వసూళ్లకు కలిపి 6,000 కట్టాను. రికార్డు పుస్తకాలు, చార్టులు, థర్మకోల్ షీట్లు, రంగులు, జిరాక్సులు, బైండింగులు అన్నీ కలిపి 7,000 దాటలేదు గాని దానికి దగ్గరగా వచ్చాయి. రానుపోను బస్సు ఖర్చు రెండేళ్లలో 14,000 అయింది. (తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలయింది. అప్పటికి నేను రోజూ కళాశాలకు వెళ్లే అవసరం తీరిపోయింది. నా అదృష్టం ఎప్పుడూ ఒక బస్సు వెనకే వస్తుంది.) అన్నీ కలిపితే 68,500 రూపాయలు. మా నాన్నగారి ఆదాయం పరిమితి దాటడం వల్ల నాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించలేదు. వర్తించేవారికి ఈ మొత్తం బాగా తగ్గుతుంది గాని, ప్రభుత్వం నుంచి ఆ సొమ్ము రావడం ఆలస్యమైతే ముందు మీరే కట్టండి, వచ్చాక తిరిగి ఇస్తాం అని మా కళాశాలలో అడిగారు. కట్టలేనివారి మెమోలు, టీసీలు ఆఫీసు బీరువాలోనే ఉండిపోయాయి. అందువల్ల రీయింబర్స్‌మెంట్ ఉందన్న ధైర్యంతో చేరేవారు కూడా ఒక ఏడాది ఫీజును చేతిలో సిద్ధంగా ఉంచుకోవడం మంచిది.

ఇంజినీరింగ్ ఫీజులతో పోలిస్తే 68,500 పెద్ద మొత్తమేమీ కాదు. మా ఇంట్లోవాళ్లు కూడా అలాగే అనుకున్నారు. లెక్క తప్పింది అక్కడే. కోవిడ్ తర్వాత 2021 సెప్టెంబరులో బడులు తెరిచినప్పుడు, మా పట్నంలోని ఒక ప్రైవేటు బడి నన్ను బీఈడీ లేకుండానే నెలకు 8,000 జీతానికి ఆరు, ఏడు తరగతుల గణితం చెప్పడానికి రమ్మన్నది. మా వైపు చాలా బడులు వేసవి సెలవులకు జీతం ఇవ్వవు కనుక, ఏడాదికి పది నెలల లెక్కన రెండేళ్లకు ఇరవై నెలల జీతం, అంటే 1,60,000 రూపాయలు నేను వదులుకున్నాను. కళాశాలకు కట్టింది 68,500, కళాశాలలో కూర్చోవడం కోసం వదులుకున్నది 1,60,000. బీఈడీ ధర అడిగితే ఏ కళాశాల ఆఫీసులోనూ ఈ రెండో అంకె చెప్పరు. రెండూ కలిపితే 2,28,500.

ఇప్పుడు మొదటి జీతం. 2023 నవంబరులో, పరీక్షలు ముగిసిన వెంటనే, మా పట్నంలోని మరో ప్రైవేటు బడిలో డెమో క్లాసు చెప్పాను. కరస్పాండెంట్ గారు నా బయోడేటా తిరగేసి, "బీఈడీ ఉంది కదమ్మా, ఫ్రెషర్ అయినా పదకొండు వేలు వేస్తాను" అని చాలా ఉదారంగా అన్నారు. అంటే నా పట్టా విలువ నెలకు 3,000 రూపాయలు. ఏడాదికి పది నెలల చొప్పున 30,000. పెట్టిన 2,28,500 ఈ లెక్కన తిరిగి రావాలంటే ఏడున్నరేళ్లకు పైగా పడుతుంది. ఈలోగా బీఈడీ లేకుండా 8,000కు చేరిన అమ్మాయి జీతం అనుభవం వల్ల ఏటా ఎంతో కొంత పెరుగుతూనే ఉంటుంది కనుక, నిజానికి ఏడున్నరేళ్లు అన్నది కూడా నాకు అనుకూలంగా వేసుకున్న లెక్కే. ఆ బడిలో నా పక్క సెక్షన్‌కు గణితం చెప్పే మేడమ్‌కు బీఈడీ లేదు, ఆరేళ్ల అనుభవం ఉంది, జీతం నాకంటే రెండు వేలు ఎక్కువ. అది అన్యాయమని నేను అనను. ఆవిడ నాకంటే బాగా చెప్పేవారు.

హైదరాబాదులోని పెద్ద బడుల్లో పరిస్థితి వేరు. మా బ్యాచ్‌లో ఇంగ్లిషు ధారాళంగా మాట్లాడగలిగిన ఇద్దరు అక్కడ సీబీఎస్‌ఈ బడుల్లో మొదటి నెల నుంచే పాతిక వేలకు దగ్గరగా తీసుకున్నారు. అయితే హాస్టలు, తిండి, ప్రయాణం పోగా వాళ్లకు మిగిలేది ఇంట్లో ఉండి పని చేసే నాకు మిగిలేదానికంటే మూడు నాలుగు వేలు మాత్రమే ఎక్కువ. ఆ ఎక్కువ జీతం కూడా పట్టాను చూసి ఇచ్చింది కాదు, ఇంగ్లిషును చూసి ఇచ్చింది. రెండేళ్ల బీఈడీలో ఇంగ్లిషు మాట్లాడించడానికి మా కళాశాల చేసిన ప్రయత్నం ఒక చార్టు మీద రాసిన నినాదం దగ్గర ఆగిపోయింది.

ప్రైవేటు బడి ఉద్యోగం ఎంత సన్నని దారం మీద ఉంటుందో కోవిడ్ కాలంలో అందరం చూశాం. బడులు మూతపడి జీతాలు ఆగిపోయినప్పుడు, 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు పొందిన ప్రైవేటు బడుల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. మా ఇంటి వెనక ఉండే సోషల్ సార్ రేషను దుకాణం ముందు తన పూర్వ విద్యార్థుల తల్లిదండ్రులతో పాటు వరుసలో నిలబడ్డారు. ఆయనకు బీఈడీ ఉంది, పీజీ కూడా ఉంది. ఆ వరుసను చూసిన కొద్ది నెలలకే నేను ఎడ్‌సెట్ రాశాను. ఎందుకు రాశావంటే, నా చూపు ప్రైవేటు బడి మీద లేదు. డీఎస్సీ మీద ఉంది. బీఈడీలో చేరే ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది చూపు అక్కడే ఉంటుంది కనుక, ఈ సరుకును ఆ కొలతతో కూడా తూచాలి.

దానికంటే ముందు, కట్టిన డబ్బుకు కళాశాల ఏం ఇచ్చిందో చెప్పాలి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో అంతవరకు ఏడాదిగా ఉన్న బీఈడీ 2015 నుంచి రెండేళ్లయింది. ఆ రెండో ఏడాదిని సమర్థించే వాదన ఏమిటంటే, అభ్యర్థి ఎక్కువ కాలం నిజమైన బడిలో గడుపుతాడని. కాగితం మీద ఆ ఏర్పాటు మంచిదే. మొత్తం ఇరవై వారాలు బడిలో ఉండాలి, అందులో పదహారు వారాలు రెండో ఏడాది ఇంటర్న్‌షిప్. హాజరు తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం తప్పనిసరి. మా కళాశాల హాజరు పట్టీలో అందరికీ ఆ శాతాలు ఉన్నాయి. తరగతి గదిలో మాత్రం వంద మందికి గాను ఏ రోజూ ముప్పై మందిని మించి కనిపించలేదు. మిగతావారిని మా భాషలో "నాన్‌ అటెండింగ్" అంటారు. వారు ఎక్కడో ఉద్యోగం చేసుకుంటూ, పరీక్షలకు, ఎక్స్‌టర్నల్ (బయటి పరీక్షకుడు) వచ్చే రోజుకు మాత్రం వస్తారు. అందుకు విడిగా ఒక రేటు ఉంటుంది. రోజూ వచ్చే మాకు ఆ రేటు పడలేదు గాని, ముప్పై మందికోసం పూర్తి స్థాయిలో లెక్చరర్లను పెట్టడం దండగన్న ఆలోచన యాజమాన్యానికి కలగడం వల్ల నష్టపోయింది మాత్రం మేమే. ఫిజిక్స్ మెథడ్ (ఆ సబ్జెక్టును బోధించే పద్ధతి) చెప్పడానికి మొదటి ఏడాది ఎవరూ లేరు. రెండో ఏడాది ఒక సార్ వచ్చారు, ఆయన వారానికి రెండు రోజులు మరో కళాశాలలో కూడా ఉండేవారు.

ఇక రికార్డులు. బీఈడీ చేసినవారిని నిద్రలో లేపి అడిగినా చెప్పేది రికార్డుల గురించే. మైక్రో టీచింగ్ రికార్డు, లెసన్ ప్లాన్ రికార్డు, అబ్జర్వేషన్ రికార్డు, యాక్షన్ రీసెర్చ్, కేస్ స్టడీ, సైకాలజీ ప్రయోగాలు, స్కౌట్స్, యోగా, ఇలా అట్ట వేసిన పుస్తకాలు బల్ల మీద ఒక నిలువు ఎత్తు అవుతాయి. వీటిని డబ్బు తీసుకుని రాసిపెట్టేవారు కళాశాల ఎదురుగా ఉన్న జిరాక్స్ సెంటరులోనే ఉన్నారు. నేను నా రికార్డులు నేనే రాశాను. అందులో గొప్ప ఏమీ లేదు, ఎందుకంటే రాసింది పాత బ్యాచ్ రికార్డు ముందు పెట్టుకునే. ఒక పాఠానికి లక్ష్యాలు, స్పష్టీకరణలు, బోధనోపకరణాలు, మూల్యాంకన ప్రశ్నలు అంటూ గళ్లు గీసి నింపడం చేతికి అలవాటైంది గాని, ఆ గళ్లలో రాసింది నిజంగా తరగతిలో జరుగుతుందా అని ఎవరూ అడగలేదు, అడిగే తీరిక ఎవరికీ లేదు. ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు అందరి దగ్గరా కొంత వసూలు చేసి భోజనం పెట్టారు. ఆయన మటన్ బాగుందన్నారు. మార్కులు కూడా బాగానే పడ్డాయి.

ఒక మినహాయింపు చెప్పకపోతే తప్పవుతుంది. సైకాలజీ చెప్పిన మేడమ్, పిల్లల ఆలోచన వయసుతో పాటు ఎలా మారుతుందో చెప్పే పియాజే దశలను నోట్సుగా చెప్పి రాయించలేదు. ఒకరోజు తన నాలుగేళ్ల కొడుకును తరగతికి తీసుకొచ్చి, ఒకే కొలత నీళ్లను పొట్టి గ్లాసులోంచి పొడుగు గ్లాసులోకి వాడి ఎదురుగానే పోసి, ఎందులో ఎక్కువున్నాయని అడిగారు. వాడు పొడుగు గ్లాసు వైపు వేలు చూపించాడు. అంతా నవ్వాం. "వాడు తప్పు చెప్పలేదు, వాడి వయసు చెప్పింది" అన్నారు ఆవిడ. రెండేళ్లలో నేను తరగతి గదిలో నేర్చుకున్నదంతా ఆ పూటదే.

రెండోది ఇంటర్న్‌షిప్. మా ఇంటికి పదకొండు కిలోమీటర్ల దూరంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నన్ను వేశారు. అక్కడి గణితం సార్ మొదటి వారం నన్ను బోర్డు దగ్గరకు రానివ్వలేదు. వెనక బెంచీలో కూర్చుని పిల్లల నోటుపుస్తకాలు మాత్రమే చూడమన్నారు. ఎనిమిదో తరగతిలో సగం మంది పిల్లలు రుణసంఖ్యల కూడికలో ఒకే రకమైన తప్పు చేస్తున్నారని, −7కు 3 కలిపితే −10 రాస్తున్నారని అప్పుడు గమనించాను. నేను రాసుకున్న లెసన్ ప్లాన్ అకరణీయ సంఖ్యల మీద, పిల్లల ఇబ్బందేమో రెండు తరగతుల కింద ఉంది. సార్ ఆ ప్లాన్ పక్కన పెట్టించి, అప్పు లెక్కలతో మొదలుపెట్టమన్నారు. కిరాణా కొట్టులో ఏడు రూపాయలు బాకీ ఉన్నవాడు మూడు రూపాయలు కట్టేస్తే ఇంకా ఎంత బాకీ అన్నప్పుడు, బోర్డు మీద −10 రాసిన పిల్లలే నోటితో నాలుగు అన్నారు. ఆ నాలుగు ముందు మైనస్ గుర్తు ఎందుకు పెట్టాలో వాళ్లకు అర్థం కావడానికి నాకు మూడు రోజులు పట్టింది. నెల జీతం లేకుండా చేసిన ఆ పదహారు వారాలే నన్ను టీచరును చేశాయి. అందుకు అవసరమైనది ఒక మంచి బడి, ఒక మంచి సార్. నేను 40,000 కట్టిన కళాశాల ఆ రెండింటిలో దేన్నీ సమకూర్చలేదు. బడిని కేటాయించింది విద్యాశాఖ, సార్ దొరకడం నా అదృష్టం. అదే మండలంలో మరో బడికి వెళ్లిన నా స్నేహితురాలికి పదహారు వారాలూ మధ్యాహ్న భోజనం లెక్కలు రాయడంతోనే సరిపోయింది.

ఇప్పుడు డీఎస్సీ కొలత. తెలంగాణలో స్కూల్ అసిస్టెంటు (ఉన్నత తరగతుల సబ్జెక్టు టీచరు) మూలవేతన స్కేలు 42,300 నుంచి మొదలవుతుంది, ఆంధ్రప్రదేశ్‌లో 44,570 నుంచి. 2024 అక్టోబరు 9న హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు అందుకున్నవారిలో రెండేళ్లు నా పక్క బెంచీలో కూర్చున్న అమ్మాయి ఉంది. కరువు భత్యం, అద్దె భత్యం కలిస్తే ఆమె మొత్తం జీతం 55,000 దాటింది. సీపీఎస్ (ఉద్యోగి వాటా కట్టే పింఛను పథకం) కింద మూలవేతనం మీద, కరువు భత్యం మీద పది శాతం కోత పోయినా చేతికి 50,000 వచ్చింది. బీఈడీకి, కోచింగ్‌కు ఆమె పెట్టింది కూడా దాదాపు నేను పెట్టినంతే. నా కోచింగ్ లెక్క ఇది: 2024 ఫిబ్రవరి 29న నోటిఫికేషన్ రాగానే బడి మానేసి హైదరాబాదు వెళ్లాను. కోచింగ్ ఫీజు 18,000, అయిదు నెలల హాస్టలు 27,500, పుస్తకాలు 4,000, 2023లో రాసిన టెట్‌కు (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) 400, డీఎస్సీకి 1,000, మొత్తం 50,900. జీతం రాని వేసవి రెండు నెలలు తీసేస్తే మూడు నెలల జీతం 33,000 పోయింది. ముందటి 2,28,500తో కలిపితే 3,12,400. ప్రభుత్వ జీతానికి, ప్రైవేటు జీతానికి మధ్య తేడా నెలకు 39,000 చొప్పున వేసుకుంటే, ఆమెకు ఈ మొత్తం దాదాపు ఎనిమిది నెలల్లో తిరిగి వచ్చేస్తుంది. ఒకే కళాశాల, ఒకే పట్టా, ఒకే ఖర్చు. ఒకరికి ఎనిమిది నెలలు, మరొకరికి, కోచింగ్ ఖర్చును వదిలేసినా, ఏడున్నరేళ్లు. కనుక బీఈడీ లాభమా నష్టమా అని ఎవరైనా అడిగితే, ఈ రెండు అంకెల్లో ఏది మీదవుతుందో తేల్చే అవకాశాలు ఎంతున్నాయో చూడాలి.

అవి ఎన్నో చెప్పడానికి మూడు విషయాలు చాలు. మొదటిది, విరామం. తెలంగాణలో 2017లో 8,792 పోస్టులకు టీఆర్‌టీ (డీఎస్సీకి అప్పటి పేరు) నోటిఫికేషన్ వచ్చింది. ఆ తర్వాత పూర్తయిన పెద్ద నియామకం 2024లో 11,062 పోస్టులది. మధ్యలో 2023లో ఇచ్చిన 5,089 పోస్టుల నోటిఫికేషన్ ఎన్నికల వల్ల వాయిదా పడి చివరకు రద్దయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025 ఏప్రిల్ 20న వచ్చింది. అక్కడా 2024లో ఇచ్చిన 6,100 పోస్టుల నోటిఫికేషన్ ప్రభుత్వం మారాక రద్దయింది. రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు ఏడేళ్ల ఎడం. 2018లో బీఈడీ ముగించినవాడు, అప్పటికి డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్న తమ్ముడితో కలిసి ఒకే పరీక్ష రాయవలసి రావడం ఇందువల్లే. 1998 డీఎస్సీలో అర్హత సాధించినవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాతికేళ్ల తర్వాత మినిమమ్ టైమ్ స్కేలు (స్కేలులోని కనీస వేతనం) మీద కాంట్రాక్టు కొలువులు ఇచ్చిన సంగతి తెలిసిందే. "ఎప్పటికైనా" అన్న మాటకు అంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

రెండోది, పోటీ. తెలంగాణలో ఆ 11,062 పోస్టులకు 2.79 లక్షల దరఖాస్తులు వచ్చాయి. పైగా ఆ పోస్టులన్నీ బీఈడీ వారివి కావు. మూడో విషయం అదే. ప్రాథమిక తరగతులకు బీఈడీ వారిని అనుమతించిన 2018 నాటి నోటిఫికేషన్ చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అప్పటికి నేను నాలుగో సెమిస్టరులో ఉన్నాను. నేను చేరేటప్పుడు ఈ పట్టాకు రెండు తలుపులుండేవి, బయటికి వచ్చేసరికి ఒకటి మూసుకుంది. 2024 డీఎస్సీలో ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పోస్టులు 6,508 అయితే స్కూల్ అసిస్టెంటు పోస్టులు 2,629 మాత్రమే. అంటే మొత్తంలో సగానికి పైగా పోస్టులకు నేను దరఖాస్తు కూడా పెట్టలేకపోయాను. ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో ఈ నిష్పత్తి కొంత మెరుగు, స్కూల్ అసిస్టెంట్లు 7,725, ఎస్‌జీటీలు 6,371. అయితే తెలంగాణలో 95 శాతం పోస్టులు స్థానికులకే కనుక, ఆంధ్రవైపు 80 శాతం కనుక, పక్క రాష్ట్రంలో పోస్టులున్నాయన్న సంతోషం మనకు పెద్దగా అక్కరకు రాదు. తీర్పు వచ్చిన వారం మా కళాశాలలో ఎవరూ ఆ విషయం ఎత్తలేదు. కొత్త బ్యాచ్ అడ్మిషన్లు జరుగుతున్నాయి మరి.

ఇంకో సంగతి కూడా తూచాను. తెలంగాణ డీఎస్సీలో స్కూల్ అసిస్టెంటు పరీక్షకు 80 మార్కులు, టెట్ వెయిటేజీకి 20. ఆ 80లో విద్యా దృక్పథాలకు 10, మెథడాలజీకి 16, జనరల్ నాలెడ్జికి 10, సబ్జెక్టుకు 44. అంటే వందలో బీఈడీ సిలబసు నేరుగా పనికొచ్చేది 26 మార్కులకు, టెట్‌లోని సైకాలజీని కలుపుకుంటే ఇంకో నాలుగు. మిగతా అంతా బీఈడీతో సంబంధం లేనిది, అందులో ఎక్కువ భాగం బడి పాఠ్యపుస్తకాల్లోది. ఆ 26 మార్కులకు కూడా నేను ఆధారపడింది కోచింగ్ నోట్సు మీదే తప్ప కళాశాల నోట్సు మీద కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో నా హాస్టలు గదిలో ఉన్న నలుగురం నాలుగు వేర్వేరు బీఈడీ కళాశాలల నుంచి వచ్చినవాళ్లం. మెథడాలజీలో "ఆగమన పద్ధతి"ని (ఉదాహరణల నుంచి సూత్రానికి వెళ్లడం) నలుగురం అక్కడే మొదటిసారి అర్థం చేసుకున్నాం. డీఎస్సీ కోచింగ్ కోసం కృష్ణా జిల్లా అవనిగడ్డకు ఏటా వేలమంది ఎందుకు వెళ్తారో నాకు ఆ గదిలో తెలిసింది. కళాశాల అర్హతను అమ్ముతుంది, చదువును మళ్లీ వేరేచోట కొనుక్కోవాలి.

ఇన్ని చెప్పాక, అసలు బీఈడీ వద్దంటున్నానా? లేదు, అందరికీ ఒకే జవాబు లేదు. ఇంటర్ పూర్తి చేసి, చిన్న పిల్లలకు చెప్పడం ఇష్టమున్నవారు డిగ్రీ దాకా ఆగకుండా డీఈఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి డీఎల్‌ఎడ్ (ప్రాథమిక తరగతుల టీచర్లకు రెండేళ్ల డిప్లొమా) చేస్తే, తెలంగాణలో 31,040తో, ఆంధ్రప్రదేశ్‌లో 32,670తో మొదలయ్యే ఎస్‌జీటీ స్కేలుకు మూడేళ్ల ముందే అర్హులవుతారు, పైగా ఆ తలుపు ఇప్పుడు వారికే తెరిచి ఉంది. మంచి ర్యాంకు వచ్చినవారు హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని ఐఏఎస్‌ఈ వంటి ప్రభుత్వ కళాశాలల్లో సీటు దొరికితేనే చేరడం మంచిదని నా అభిప్రాయం. ఇంటర్ తర్వాతే స్పష్టత ఉన్నవారికి మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థలో డిగ్రీతో కలిసిన కోర్సు ఉంది, మన రెండు రాష్ట్రాలూ దాని పరిధిలోవే. గురుకులాల టీజీటీ (ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్ టీచరు) పోస్టులకు, కేంద్రీయ విద్యాలయాల టీజీటీ పోస్టులకు బీఈడీ కావాలి, కేంద్రీయ విద్యాలయంలో ఆ స్కేలు 44,900తో మొదలవుతుంది. తెలంగాణ గురుకుల బోర్డు 2023లో ఒక్క టీజీటీకే 4,020 పోస్టులు ఇచ్చింది. ఇంగ్లిషు మీడియంలో చదివి, రాష్ట్ర డీఎస్సీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఇవన్నీ రాయగలిగినవారికి పట్టా ఖర్చు పది పరీక్షల మీద పంచుకున్నట్టవుతుంది. నాలాగా ఒక్క నోటిఫికేషన్ కోసం చేసేవారికి మొత్తం భారం ఒక్క పరీక్ష మీదే పడుతుంది.

తొందర లేనివారు మరొకటి కూడా గమనించాలి. నాలుగేళ్ల డిగ్రీ గాని, పీజీ గాని ఉన్నవారికి ఏడాది బీఈడీని తిరిగి తెచ్చేలా 2025 ఫిబ్రవరిలో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ముసాయిదా నిబంధనలు విడుదల చేసింది. అది అమల్లోకి వస్తే నా లెక్కలో అతి పెద్ద అంకె, వదులుకున్న జీతం, సగానికి సగం తగ్గిపోతుంది. పీజీ చదువుతున్నవారు ఈ ఏడాదే పరుగెత్తి రెండేళ్ల కోర్సులో చేరనక్కర్లేదు.

అయిదింటిలో ఎన్ని మార్కులని అడిగితే, బీఈడీకి అర్హతగా మూడు ఇస్తాను, నేను చదివిన కళాశాలకు సేవగా ఒకటిన్నర ఇస్తాను. ఆ ఒకటిన్నరలో నీళ్ల గ్లాసులు తెచ్చిన మేడమ్‌దే ఎక్కువ భాగం. చేరబోయే కళాశాలకు వెళ్లినప్పుడు ఫీజు ఎంతని మాత్రమే అడగకండి. మధ్యాహ్నం పన్నెండు గంటలకు వెళ్లి తరగతి గదిలో ఎంతమంది ఉన్నారో కిటికీలోంచి లెక్కపెట్టండి, మీ మెథడ్ చెప్పే లెక్చరరు ఆ రోజు వచ్చారో లేదో కనుక్కోండి, ఇంటర్న్‌షిప్‌కు ఏ బడులకు పంపారో పాత బ్యాచ్ వారిని అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి, ఇవ్వక తప్పకపోతే రసీదు రాయించుకోండి. కోచింగ్ కోసం నేను మధ్యలో మానేసిన బడి నా చివరి నెల జీతం ఇవ్వలేదు, డిగ్రీ మెమోల కోసం నన్ను నాలుగుసార్లు తిప్పింది.

ప్రస్తుతం నా జీతం 13,000. ఎనిమిదో తరగతికి, తొమ్మిదో తరగతికి గణితం చెబుతున్నాను. టెట్‌లో నాకు వచ్చినవి 150కి 97. ఈ మార్కులు పెంచుకుంటే వెయిటేజీలో ఒకటి రెండు మార్కులు కలిసొస్తాయని, నేను పోగొట్టుకున్నది కూడా అంత తేడాతోనేనని తెలుసు కనుక, మళ్లీ టెట్‌కు దరఖాస్తు పెట్టాను. ఈసారి బడి మానేయడం లేదు. ఉదయం నాలుగున్నరకు లేచి చదువుతున్నాను, ఏడు నలభైకి బడి బస్సు ఎక్కుతున్నాను.